సోషల్ ఎంటర్‌ప్రైజెస్‌లో పనిచేసేది ఆడవాళ్లు, నడిపేది మగవాళ్లు. ఇది మారాలంటే ఏం చేయాలి?

తీరం:
సమాజానికి పనికొచ్చే పని చేస్తూ తన ఖర్చు తానే సంపాదించుకునే సంస్థల గురించి అడుగుతున్నాను. కింది స్థాయిలో అంతా ఆడవాళ్లే, పైకి వెళ్లేకొద్దీ కనిపించరు. వాళ్లకు శిక్షణ ఇస్తే చాలా, లేక నిధుల్లో ఇంత ఆడవాళ్లు స్థాపించిన సంస్థలకే అని వాటా పెట్టాలా?

లెక్కలమాస్టారు:
వాటా మాత్రం వద్దండి. మూడేళ్ల క్రితం నీటి శుద్ధి ప్రాజెక్టుతో ఒక నిధికి దరఖాస్తు పెట్టాను. మహిళా స్థాపకులకే ఇస్తామన్నారు. చివరికి దక్కించుకున్నాయన భార్య పేరు రాసి తెచ్చుకున్నాడు. ఆవిడ ఒక్క మీటింగ్‌కీ రాలేదు. సంతకం ఆవిడది, పెత్తనం ఆయనది. దీన్ని ప్రోత్సాహం అంటారా?

వానచినుకు:
ఒకడు మోసం చేశాడని దారే మూసేస్తారా? మహారాష్ట్రలో చేతనా సిన్హా గారు గ్రామీణ మహిళలతో బ్యాంకు పెట్టబోతే, సభ్యులకు చదువు రాదని రిజర్వ్ బ్యాంకు మొదట లైసెన్సు ఇవ్వలేదు. ఆ ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకుని మళ్లీ వెళ్లారు. వడ్డీ లెక్క మేం నోటితో కడతాం, మీ ఆఫీసర్లను కాలిక్యులేటర్ లేకుండా కట్టమనండి అని అడిగారు. 1997లో మాణ్ దేశీ బ్యాంకు మొదలైంది. వాళ్లకు తెలివి ముందే ఉంది, తలుపు తెరవాల్సినవాళ్లే తెరవలేదు.

లెక్కలమాస్టారు:
నేనడిగింది సంతకం గురించి. మీరు చెప్పినావిడ ఎవరి వాటాతోనూ రాలేదు కదా? నా మాటే నిజమైంది.

గాలిపటం:
పేదలకు చిన్న చిన్న అప్పులిచ్చే బంగ్లాదేశ్ గ్రామీణ్ బ్యాంకులో అప్పు తీసుకునేవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా ఆడవాళ్లే. స్థాపించి ఏళ్ల తరబడి నడిపింది మాత్రం మగాయనే, ముహమ్మద్ యూనస్ గారు.

లెక్కలమాస్టారు:
అయితే ఆయన చేసింది తప్పా? 2006లో నోబెల్ శాంతి బహుమతి ఆయనకీ బ్యాంకుకీ కలిపి ఇచ్చారు.

వానచినుకు:
తప్పని ఎవరన్నారు? అప్పు ఇవ్వడం వేరు, అధికారం ఇవ్వడం వేరు. నా సంగతి చెప్తాను వినండి. చక్రాల కుర్చీలు బాగుచేసి అద్దెకిచ్చే సంస్థ పెట్టి ఏడేళ్లు నడిపాను. నాలుగేళ్లు రూపాయి జీతం తీసుకోలేదు. పెద్ద పెట్టుబడి వచ్చాక బోర్డు ఒకాయన్ని డైరెక్టర్‌గా తెచ్చింది. నా సొరుగులో ఉండే చెక్‌బుక్ ఆ వారమే ఆయన టేబుల్ మీదికి వెళ్లింది. మొదటి నెల నుంచే ఆయనకు జీతం. నాకూ ఇవ్వమంటే, "మీరు సంస్థకు అమ్మలాంటివారు, మీకు జీతమేంటండీ" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మంటపెడుతుంది. నాకు మళ్లీ శిక్షణ ఇస్తారట! బియ్యంలో రాయి ఏరినట్టు బేరింగులు ఏరుకుంటూ నేర్చుకున్న పని నాది.

లెక్కలమాస్టారు:
మీ బాధ అర్థమైంది మేడమ్. కానీ సేవ అన్నాక త్యాగం ఉంటుంది. మా అమ్మ ముప్పై ఏళ్లు జీతం లేకుండా బడి నడిపింది, ఏనాడూ పదవి అడగలేదు.

గాలిపటం:
మాస్టారూ, మీ నీటి ప్రాజెక్టు బడ్జెట్‌లో మీ జీతం రాసుకున్నారా?

లెక్కలమాస్టారు:
రాశాను. ఇల్లు గడవాలి కదా.

వానచినుకు:
మనకు తేడా వచ్చింది ఇక్కడ, వాటా దగ్గర కాదు. మీరు చేస్తే ఉద్యోగం, మేం చేస్తే త్యాగం. జీతం లేకుండా ఏళ్లకేళ్లు నెట్టుకురాగలిగేది వెనక ఆస్తి ఉన్నవాళ్లే. మిగతా ఆడవాళ్లు మధ్యలోనే వదిలేసి ఎక్కడో ఉద్యోగంలో చేరతారు. ఆ తర్వాత నాయకురాళ్లు లేరని మీటింగులు పెడతారు. మీ అమ్మగారి బడికి కాగితాల మీద అధ్యక్షులెవరండీ?

లెక్కలమాస్టారు:
నాన్నగారు. రిజిస్ట్రేషన్‌కి ఎవరో ఒకరు సంతకం పెట్టాలి కాబట్టి పెట్టారు. మీరనుకునేలాంటిది కాదు. వాటా వద్దన్న మాట మీదే ఉన్నాను. జీతం విషయం అమ్మని ఎప్పుడూ అడగలేదు, అడుగుతాను.

తీరం:
నిధులిచ్చేవాళ్లు స్థాపకురాలి జీతాన్ని మొదటి ఏడాది నుంచే బడ్జెట్‌లో ఒక పద్దుగా పెట్టించాలి, ఆవిడ సంతకం లేకుండా ఖాతా కదలకూడదు. దీనికైనా అభ్యంతరం ఉందా మాస్టారూ?

లెక్కలమాస్టారు:
జీతానికి లేదు. సంతకం గురించి ఇంకా మాట్లాడాలి.