డీ అండ్ డీ 5ఈ నుంచి పాత్‌ఫైండర్ 2ఈకి: పాత క్యారెక్టర్లు పనికొస్తాయా?

ప్రశ్న: నలుగురు ప్లేయర్లం, 5వ లెవెల్. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 5వ ఎడిషన్ (5ఈ) మీద మోజు తీరిపోయింది, అలాంటిదే అయిన పాచికల రోల్‌ప్లే ఆట పాత్‌ఫైండర్ 2వ ఎడిషన్ (2ఈ)కి మారదామనుకుంటున్నాం. క్యారెక్టర్ల అంకెలు మార్చుకుని అదే క్యాంపెయిన్ (సాగుతున్న కథ) కొనసాగించొచ్చా? పుస్తకాలన్నీ కొనాలా?

జవాబు 1: అంకెలు మార్చకండి. 2ఈలో శిక్షణ ఉన్న ప్రతి నైపుణ్యానికీ లెవెల్ కలుస్తుంది, లెక్కే వేరు. పేరు, కథ ఉంచుకుని క్యారెక్టర్ షీట్ (అంకెలుండే కాగితం) కొత్తగా రాయండి. కొన్నాళ్లు 1వ లెవెల్‌లో ఆడితే ఇంకా మేలు. రూల్స్ ఆర్కైవ్స్ ఆఫ్ నేథిస్ సైట్‌లో ఉచితం.

జవాబు 2: 5ఈ అలవాటుతో అందరూ చేసే తప్పు: టర్న్‌కి మూడు యాక్షన్లున్నాయని మూడుసార్లూ కొట్టడం. మామూలుగా రెండో దెబ్బకు పాచిక మొత్తంలో -5, మూడోదానికి -10. అది తగిలేదెప్పుడు! ఆ యాక్షన్‌తో డాలు ఎత్తండి, శత్రువుని బెదిరించండి, లేదా పక్కకు జరగండి. కదిలితే ఎదురుదెబ్బ కొట్టే సామర్థ్యం ఇక్కడ అందరికీ ఉండదు.

జవాబు 3: జీఎం(ఆట నడిపేవారు)కి: నలుగురికి 80 ఎక్స్‌పీ (రాక్షసుల లెవెల్‌ని బట్టి లెక్కేసే పాయింట్లు) అంటే మధ్యస్థమైన పోరు, 120 తీవ్రం. పార్టీ కంటే 3 లెవెళ్లు ఎక్కువున్న ఒక్క రాక్షసుడే 120. దెబ్బ మొత్తం ఏసీ (రక్షణ అంకె) కంటే 10 లేదా అంతకు మించి ఎక్కువైతే క్రిటికల్ (రెట్టింపు దెబ్బ) కాబట్టి, 1వ లెవెల్‌లో వాడు ఒక్క దెబ్బకే పడగొట్టేయగలడు. మొదట్లో సమాన లెవెల్ వాళ్లను ఇద్దర్ని దింపండి, 80 అవుతుంది.

జవాబు 4: డీ అండ్ డీ రూల్స్‌ని ఇతరులు వాడుకునే లైసెన్స్ మీద 2023 జనవరిలో జరిగిన గొడవ వల్ల కోపంతోనే మారుతుంటే, ఆ నెలలోనే ప్రచురణకర్తలు 5.1 ఎస్ఆర్‌డీని (5ఈ మూల రూల్స్ పత్రం) ఎవరైనా వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌లో పెట్టేశారు. విసుగు ఆట మీదైతే మారండి.