షార్ట్ అయిన కెపాసిటర్‌ను పీకేసి వదిలేస్తే అది రిపేర్ అవుతుందా?

హంటర్‌రోడ్_అన్న

మా చెల్లి ల్యాప్‌టాప్ కొని అయిదేళ్లయింది. పోయిన వారం పొద్దున్నే బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. అడాప్టర్ మీద లైట్ వెలుగుతోంది, ల్యాప్‌టాప్‌లో మాత్రం ఏమీ లేదు. హన్మకొండలో ఒక షాపుకి తీసుకెళ్తే "బోర్డ్ పోయింది, మార్చాలి, 14 వేలు" అన్నారు. రెండో షాపులో ఇస్తే సాయంత్రానికల్లా ఆన్ చేసి 1,800 తీసుకున్నారు. బిల్లు మీద "కెపాసిటర్ రీప్లేస్‌మెంట్" అని రాశారు.

సంతోషంగానే ఇంటికొచ్చాను. మొన్న ర్యామ్ పెంచుదామని వెనక మూత తీస్తే, ఫ్యాన్ దగ్గర ఒకచోట ముక్కను అతికించే రెండు ప్యాడ్లు ఖాళీగా మెరుస్తూ కనిపించాయి. చుట్టూ సోల్డరింగ్ పేస్ట్ మరక. ఫోన్ చేసి అడిగాను. "షార్ట్ అయినదాన్ని తీసేసినమన్నా, అది లేకున్నా నడుస్తది, పక్కన ఇంకా ఉన్నయి" అన్నాడు. నిజమే, నాలుగు రోజుల నుంచి నడుస్తోంది.

ఇది సరైన పనేనా? పీకేసి "రీప్లేస్‌మెంట్" అని బిల్లు రాయడం మోసం కాదా?

చౌరస్తా_చిప్‌లెవెల్

తమ్మీ, 12 ఏళ్లుగా చేస్తున్న పని ఇదే. ఆ కుర్రాడు చేసింది తప్పు కాదు. మెయిన్ లైన్ మీద, అంటే అడాప్టర్ నుంచి వచ్చే 19 వోల్టులు బోర్డంతా తిరిగే దారి మీద, ఒకే రకం సిరామిక్ కెపాసిటర్లు (కాస్త కరెంట్ దాచుకుని అవసరానికి ఇచ్చే చిన్న ముక్కలు) పది పదిహేను దాకా పక్కపక్కనే ఉంటాయి. అన్నీ ప్యారలల్, అంటే ఒక్కోదానికి ఒక కాలు లైన్ మీద, ఇంకో కాలు గ్రౌండ్ (నెగటివ్) మీద. ఒకటి షార్ట్ అయితే, అంటే లోపల ఆ రెండూ అంటుకుపోతే, లైన్ మొత్తం గ్రౌండ్‌కి పోతుంది, అది తీసేస్తే మిగిలినవి పని చేస్తాయి.

1,800 ఎందుకంటే, అది పీకినందుకు కాదు, దొరకబట్టినందుకు. మీ బోర్డ్‌లో ఏం జరిగి ఉంటుందో చెప్తాను. అడాప్టర్ లైట్ ఆరిపోలేదు అన్నారు కదా. అంటే షార్ట్ మొదటి మాస్‌ఫెట్ల (కరెంట్‌ను ఆన్ ఆఫ్ చేసే స్విచ్ ముక్కల) తర్వాత ఉంది. వాటికి ముందే ఉంటే అడాప్టర్ తనను తాను కాపాడుకోవడానికి లైట్ ఆర్పేస్తుంది. తర్వాత మల్టీమీటర్ పెట్టి మెయిన్ లైన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య చూస్తాం. బాగున్న బోర్డ్‌లో కిలో ఓముల్లో ఉంటుంది, షార్ట్ అయితే అర ఓము కూడా చూపించదు. ఇప్పుడు ఆ పదిహేనింటిలో దొంగ ఎవరు? మీటర్‌కి అన్నీ ఒకటే, ఏది ముట్టుకున్నా బీప్ అంటుంది. అందుకని డీసీ సప్లైని 1 వోల్ట్‌కి పెట్టి, కరెంట్‌కి లిమిట్ పెట్టి లైన్‌లోకి ఇస్తాం. బోర్డ్ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోస్తాం. మూడు ఆంపియర్లు లాగిందంటే మూడు వాట్ల వేడి అంతా నువ్వుగింజంత ముక్కలో పుడుతుంది. బోర్డంతా తడిగా మెరుస్తుంటే ఆ ఒక్క గింజ చుట్టూ మాత్రం తడి ఆరిపోయి తెల్లగా వలయం కడుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు అది బాగుంటుంది.

పెద్దపల్లి_పీసీ

కెపాసిటర్ పోతే పైన ఉబ్బుతుంది కదా? ఉబ్బిందేమో చూడకుండా ఇంత తతంగం ఎందుకు?

చౌరస్తా_చిప్‌లెవెల్

ఉబ్బేవి డబ్బాల్లాంటి ఎలక్ట్రోలైటిక్‌లు, 2000ల మొదట్లో డెస్క్‌టాప్ బోర్డుల మీద చాలా చూశాం. ల్యాప్‌టాప్‌లో ఎక్కువగా ఉండేవి ఈ గోధుమరంగు సిరామిక్ ముక్కలు. ఇవి ఉబ్బవు, కారవు. చాలాసార్లు పైకి కొత్తవాటిలాగే కనిపిస్తాయి.

ల్యాబ్_సార్

వెతికే పద్ధతి మీద నాకు అభ్యంతరం లేదు. "లేకున్నా నడుస్తది" అన్న మాట మీద ఉంది. నేను కాజీపేట దగ్గర ఒక కాలేజీలో పవర్ ఎలక్ట్రానిక్స్ చెప్పాను, అందుకే ఈ మాట వింటే ఊరుకోలేను.

పది ఉన్నాయి కాబట్టి ఒకటి పోతే పదిశాతమే నష్టం అనుకుంటారు. ముందు అసలు పదిలో ఎంత ఉందో చూడండి. 10 మైక్రోఫారడ్ అని అమ్మే ఎక్స్5ఆర్ రకం సిరామిక్ కెపాసిటర్ మీద 19 వోల్టుల డీసీ పడితే దాని విలువ బాగా పడిపోతుంది. చిన్న సైజువాటిలో సగం కూడా మిగలదు. డిజైన్ చేసినవాడు ఇది లెక్కేసుకునే అన్ని పెట్టాడు, దానం చేయడానికి కాదు.

రెండోది, చోటు. 19 వోల్టులను సీపీయూకి కావలసిన 1 వోల్ట్ దగ్గరికి దించే బక్ కన్వర్టర్‌లో పై మాస్‌ఫెట్, అంటే 19 వోల్టుల వైపు ఉన్నది, సెకనుకు లక్షల సార్లు ఆన్ అవుతుంది. ఆన్ అయిన ప్రతిసారీ కావలసిన కరెంట్ దూరంలో ఉన్న అడాప్టర్ నుంచి రాదు, పక్కనే ఉన్న ఈ కెపాసిటర్ల నుంచే వస్తుంది. ఒకటి తీసేస్తే ఆ రిపుల్ (కరెంట్ ఎగుడుదిగుళ్ల) భారం మిగిలినవాటి మీద పడుతుంది, మాస్‌ఫెట్ మీద వోల్టేజ్ స్పైకులు పెరుగుతాయి. నాలుగు రోజులు నడవడం రుజువు కాదు.

మంచిర్యాల_ప్రింట్స్

సార్, మా జిరాక్స్ షాపులో ల్యాప్‌టాప్‌కి రెండు పీకేశారు, రెండేళ్లయింది. రోజుకు పది గంటలు ఆన్‌లోనే. పైగా పక్కనే లామినేషన్ మెషిన్ వేడి కూడా.

ల్యాబ్_సార్

సంతోషం. ఒక్క ల్యాప్‌టాప్ మాత్రమే.

చౌరస్తా_చిప్‌లెవెల్

నా దగ్గర ఒక్కటి కాదు సార్, వందల్లో ఉన్నాయి. తీసేసి ఇచ్చినవి ఆ కారణంతోనే వాపస్ వచ్చాయని నేను చెప్పలేను.

మీరు పుస్తకం వైపు నుంచి చూస్తున్నారు, నేను బల్ల వైపు నుంచి చెప్తాను. కొత్తది వేయాలంటే ఏది వేయాలి? ఈ సిరామిక్ ముక్క మీద అక్షరం ఉండదు. షార్ట్ అయినదాన్ని కొలిస్తే విలువ రాదు. పక్కదాన్ని బోర్డ్ మీద ఉండగా కొలిస్తే లైన్ మొత్తం కలిపి చూపిస్తుంది. స్కిమాటిక్ (బోర్డ్ సర్క్యూట్ పటం) దొరికితే సరే, లేకపోతే? చాలామంది ఏం చేస్తారంటే స్క్రాప్ బోర్డ్ మీద అదే సైజుది ఏదో ఒకటి తీసి అతికిస్తారు. అది సీపీయూ అవుట్‌పుట్ దగ్గరిదైతే 2.5 వోల్టులదో 6.3 వోల్టులదో అయి ఉంటుంది. దాన్ని తెచ్చి 19 వోల్టుల లైన్ మీద పెడితే ఇవాళ కాకపోతే రేపు మళ్లీ షార్ట్. అలా వేసేకంటే ఖాళీగా ఉంచడమే మేలు.

ఇంకోటి, వేడి. కెపాసిటర్ ఒక కాలు గ్రౌండ్ మీద ఉంటుంది. గ్రౌండ్ అంటే బోర్డ్ లోపల పరుచుకున్న రాగి రేకు, ఎంత వేడి ఇచ్చినా తాగేస్తుంది. ఫ్యాక్టరీలో వాడే సీసం లేని సోల్డర్ 217 డిగ్రీల దగ్గర గాని కరగదు. బ్లోయర్ పెట్టి తొందరపడితే పక్క ముక్కలు ఎగిరిపోతాయి, ప్యాడ్ లేస్తుంది. చేయి తిరిగినవాడికి అది కష్టం కాదు, కానీ అందరూ చేయి తిరిగినవాళ్లు కాదు కదా.

ల్యాబ్_సార్

తప్పు కెపాసిటర్ వేయడం తప్పే. సరైనది వేయడానికి బద్ధకించడానికి అది కారణం కాదు. అదే మోడల్ చనిపోయిన బోర్డ్ ఉంటే అదే చోటునుంచి తీయొచ్చు. లేదంటే కోఠి గుజరాతీ గల్లీలో 25 వోల్టులవి వరుసగా కత్తిరించి ఇస్తారు. ముక్కకు కొన్ని రూపాయలు.

ఇంకో మాట చదివేవాళ్ల కోసం. అన్నీ ప్యారలల్ కావు. బక్ కంట్రోలర్ పక్కన 0.1 మైక్రోఫారడ్ బూట్ కెపాసిటర్ ఒక్కటే ఉంటుంది, అది తీస్తే పై మాస్‌ఫెట్ సరిగ్గా ఆన్ కాదు. 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ పక్కన పికోఫారడ్లలో ఉండే రెండు చిన్నవి ఉంటాయి, వాటిలో ఒకటి తీస్తే గడియారం తప్పుతుంది, కొన్ని బోర్డులు ఆన్ కూడా కావు. "కెపాసిటరే కదా, పీకెయ్" అని చదివి ఎవరైనా ట్వీజర్ పట్టుకుంటారేమోనని నా టెన్షన్.

చౌరస్తా_చిప్‌లెవెల్

అది ఒప్పుకుంటా. నేనూ ఒకటి చెప్తా, ఇంట్లో చేసుకుందామనుకునే తమ్ముళ్లకు. వోల్టేజ్ ఇచ్చేముందు సీపీయూ సెక్షన్‌లో పై మాస్‌ఫెట్లు షార్టా కాదా చూడండి. అది షార్ట్ అయి ఉంటే మెయిన్ లైన్ తిన్నగా సీపీయూకి అంటుకుని ఉన్నట్టే. 19 వోల్టుల లైనే కదా అని 5 వోల్టులు ఇచ్చారంటే 1 వోల్ట్ తినే సీపీయూకి అదే ఆఖరి భోజనం. మా దగ్గరికి అలాంటివి "యూట్యూబ్ చూసి చేశాం" అని వస్తాయి. సీపీయూ కాయిల్ దగ్గర మీటర్ ఒకటి రెండు ఓములు చూపిస్తే అది షార్ట్ కాకపోవచ్చు, చాలా సీపీయూలకు అదే మామూలు.

హంటర్‌రోడ్_అన్న

అందరికీ థ్యాంక్స్. మళ్లీ మూత తీసి చూశాను. ఖాళీ ప్యాడ్ల పక్కన అదే సైజువి ఇంకో మూడు ఉన్నాయి. వాటిని ఆనుకుని ఒక నల్లటి చదరపు ముక్క, దాని పక్కన ఆర్22 అని రాసి ఉన్న బూడిదరంగు దిమ్మ. దాని అవతల హీట్‌సింక్. అర అంగుళం దూరంలో స్క్రూ రంధ్రం. ఇది ఏ చోటు?

చౌరస్తా_చిప్‌లెవెల్

ఆర్22 కాయిల్, పక్కన హీట్‌సింక్ అంటే సీపీయూ సెక్షన్ ఇన్‌పుట్, సార్ చెప్పిన బక్ కన్వర్టర్ పక్కనే. నాలుగులో ఒకటి పోయింది. సరే సార్, ఇక్కడ మీదే గెలుపు. మెయిన్ లైన్ మీద ఎక్కడో దూరంగా ఉన్నదైతే నేను వదిలేస్తాను, కానీ ఈ నాలుగింటిలో ఒకటి తీస్తే నేను కూడా వేసే ఇస్తాను.

స్క్రూ రంధ్రం దగ్గర అన్నారు కదా, ల్యాప్‌టాప్‌ని తెరిచి ఉండగా ఒక మూల పట్టుకుని ఎత్తే అలవాటు ఉందా మీ చెల్లికి? బోర్డ్ వంగితే ముందు పగిలేవి ఇవే. కంటికి కనిపించని పగులు వస్తుంది, నెలల తర్వాత షార్ట్ అవుతుంది.

హంటర్‌రోడ్_అన్న

ఉంది. ఒంటిచేత్తో మూల పట్టుకుని, ఛార్జర్ వేలాడుతుండగా వంటింట్లోకి తెస్తుంది, పాట పెట్టుకుని కూరగాయలు తరగడానికి.

మంచిర్యాల_ప్రింట్స్

మరి బిల్లు సంగతి ఎవరూ చెప్పలేదు.

ల్యాబ్_సార్

అందులో చర్చ ఏముంది? తీసేస్తే "షార్ట్ తొలగించాం" అని రాయాలి. వేయనిది వేశామని రాయకూడదు.

చౌరస్తా_చిప్‌లెవెల్

చాలామంది కస్టమర్లకు "తీసేశాం" అంటే డబ్బులు ఇవ్వబుద్ధి కాదు సార్. ఏదైనా వేశాం అంటేనే ఇస్తారు. 14 వేల బోర్డ్ మార్చమని చెప్పినవాడిని ఎవరూ తిట్టలేదు గమనించారా? రెండు గంటలు వెతికి దొరకబట్టినవాడిని నిలబెట్టి అడుగుతున్నాం. అయినా రాయకూడదు, ఒప్పుకుంటా. నా బిల్లులో "షార్టింగ్ క్లియర్" అని రాస్తాను, వేస్తే వేశానని రాస్తాను.

ల్యాబ్_సార్

మొదటివాడిని తిట్టకపోవడం మన తప్పే. కానీ మెయిన్ లైన్ మీద దూరంగా ఉన్నది వదిలేయొచ్చన్న మాట నేను ఇప్పటికీ ఒప్పుకోను.

చౌరస్తా_చిప్‌లెవెల్

తెలుసు సార్. చౌరస్తా వైపు వచ్చినప్పుడు బల్ల దగ్గర కూర్చుందాం.

హంటర్‌రోడ్_అన్న

చివరి అప్‌డేట్. నిన్న సాయంత్రం అదే షాపుకి వెళ్లి ఫొటో చూపించి, సీపీయూ ఇన్‌పుట్ దగ్గరిది కదా, వేసి ఇవ్వమన్నాను. మొదట మొహం మాడ్చాడు. తర్వాత లోపలికెళ్లి మా మోడల్‌దే డెడ్ బోర్డ్ ఒకటి తెచ్చి, అదే చోటునుంచి తీసి, విడిగా మీటర్‌తో కొలిచి చూపించాడు, 9 మైక్రోఫారడ్ పైనే వచ్చింది. పాత సోల్డర్ తీసేసి, పేస్ట్ పెట్టి, కింద నుంచి బోర్డ్ వేడిచేసి, ట్వీజర్‌తో పెట్టాడు. సోల్డర్ కరగగానే ముక్క తనంతట తానే జరిగి తిన్నగా కూర్చుంది. వేశాక మెయిన్ లైన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య మళ్లీ కొలిచి, షార్ట్ లేదని నాకు చూపించాకే అడాప్టర్ పెట్టాడు. డబ్బులు తీసుకోలేదు.

ఇంటికి తెచ్చి ఇచ్చాను. చెల్లి అన్న మొదటి మాట: "వెనక ఒక స్క్రూ లేదేంది?"