అలారం 'వెంట్ ఆఫ్' అంటే మోగిందా, ఆగిందా?

ఇక్కడ ఒకరు అడిగిన ప్రశ్న: "ది లైట్ వెంట్ ఆఫ్ అంటే దీపం ఆరిపోయింది. ది అలారం వెంట్ ఆఫ్ అంటే మాత్రం అలారం మోగింది అంటున్నారు. ఒకే మాటకి ఒకచోట ఆగడం, ఇంకోచోట మొదలవడం ఎలా కుదిరింది?" ఎక్కువమంది "ఇంగ్లీషంతే, బట్టీ పట్టాల్సిందే" అని తేల్చేశారు. బట్టీ పట్టేముందు కాస్త ఆలోచించదగ్గ ప్రశ్న ఇది.

అసలు చిక్కు ఇంగ్లీషులో కన్నా మన నోట నలిగిన 'ఆఫ్'లో ఎక్కువుంది. ఆ మాటని మనం స్విచ్ మీంచి తెచ్చుకున్నాం. ఫ్యాన్ ఆఫ్ చెయ్యి, మోటారు ఆఫ్ అయింది, ఫోన్ స్విచాఫ్, ఆఖరికి మూడాఫ్. అన్నిచోట్లా ఆగిపోవడమే. అందుకే 'ది ఫైర్ అలారం వెంట్ ఆఫ్' అని వినగానే 'హమ్మయ్య, ఆగింది' అనుకుంటాం. చెప్పినవాళ్లు మాత్రం మోగుతోంది, బయటికి నడవండి అంటున్నారు.

ఇంగ్లీషులో 'ఆఫ్'కి పాత అర్థం ఆగడం కాదు, దూరంగా, విడిగా అని. ఒక ఎఫ్‌తో రాసే 'ఆఫ్', రెండు ఎఫ్‌లతో రాసే 'ఆఫ్' ఒకప్పుడు ఒకే మాట. ఒత్తి పలికే రూపానికి రెండో ఎఫ్ చేరింది. రెండూ పూర్తిగా వేరు మాటలుగా స్థిరపడేసరికి 17వ శతాబ్దం వచ్చింది. కాబట్టి 'గో ఆఫ్' అంటే మొదట ఉన్నచోటు విడిచి వెళ్లిపోవడమే. 'షీ వెంట్ ఆఫ్ టు వర్క్' అంటే పనికి వెళ్లిపోయింది. దెబ్బ తగిలిన ఆటగాడు 'వెంట్ ఆఫ్' అంటే మైదానం వదిలి వెళ్లాడు. ఇక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు.

ఇప్పుడు తుపాకీని చూడండి. అందులో స్ప్రింగు బిగదీసి, ఒక కొక్కెం అడ్డుపెట్టి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే కొక్కెం జారుతుంది, బిగిసి ఉన్నది విడుదలవుతుంది. 'ది గన్ వెంట్ ఆఫ్.' పాతకాలపు అలారం గడియారంలోనూ ఇదే పని. గంట కొట్టడానికి వేరే స్ప్రింగు ఉంటుంది, దానికి విడిగా కీ ఇస్తాం. పెట్టిన టైము వచ్చేదాకా ఒక మీట చిన్న సుత్తిని కదలనివ్వదు. టైము కాగానే మీట తప్పుకుంటుంది, సుత్తి గంట మీద పడి టకటకా కొడుతుంది. బిగబట్టి ఉంచినది పట్టు విడిపించుకుని పోయింది, అంతే. బాంబు, సైరన్, ఎలకల బోను కూడా ఈ వరసలోనివే.

దీపం సంగతి వేరు. అక్కడ బిగబట్టి ఉంచినది ఏదీ లేదు. ఉన్నదల్లా నిరంతరం సాగుతున్న ప్రవాహం. అది ఆ స్థితి విడిచిపోతే చీకటి. అంటే నా లెక్కలో ప్రశ్న ఇలా ఉండాలి: ఆ వస్తువు ముందు ఏ స్థితిలో ఉంది? కాచుకుని ఉన్నదైతే 'గో ఆఫ్' అంటే విడుదల. సాగుతూ ఉన్నదైతే 'గో ఆఫ్' అంటే ఆగడం.

దీనికి నాకు బాగా నచ్చిన రుజువు కెమెరాలో దొరికింది. 'ది లైట్ వెంట్ ఆఫ్' అంటే వెలుగు పోయింది. 'ది ఫ్లాష్ వెంట్ ఆఫ్' అంటే వెలుగు వచ్చింది! రెండూ దీపాలే కదా. కానీ ఫ్లాష్‌లో కెపాసిటర్ ముందే చార్జ్ నింపుకుని కూర్చుంటుంది, బటన్ నొక్కగానే ఒక్కసారిగా వదిలేస్తుంది. వెలుగిచ్చే వస్తువే అయినా అది తుపాకీ వరసలోకి చేరిపోయింది.

అనుమానం వచ్చినప్పుడు వాడుకోవడానికి రెండు పరీక్షలున్నాయి. మొదటిది, 'గో ఆన్' పెట్టి చూడటం. దీపం 'గో ఆన్' అవుతుంది, 'గో ఆఫ్' అవుతుంది. బాంబు 'గో ఆన్' అవదు, విరిగితే 'గో ఆఫ్' అనిపించుకునే పాలూ అవవు. జంట ఉన్నచోట స్విచ్ అర్థం, లేనిచోట ఇంకేదో. రెండోది, ఆ పని ఎవరో చేశారని చెప్పాల్సి వస్తే ఏ క్రియ వస్తుందో చూడటం. దీపాన్ని 'టర్న్ ఆఫ్' చేస్తాం. బాంబుని 'సెట్ ఆఫ్' చేస్తాం. అలారానికి రెండూ కుదురుతాయి, అర్థాలు ఎదురెదురు: 'సెట్ ఆఫ్' అంటే మోగించడం, 'టర్న్ ఆఫ్' అంటే నోరు మూయించడం. 'గో ఆఫ్' మాత్రం దానంతటది జరిగేదే. 'ఐ వెంట్ ఆఫ్ ది అలారం' అని ఎవరూ అనరు.

ఈ జంట మనకి కొత్తేం కాదు. ఆరిపోయింది, ఆర్పేశాడు. పేలిపోయింది, పేల్చేశాడు. దానంతటది జరిగితే 'పోవు', ఎవరో చేస్తే 'వేయు'. ఇది గమనించాక నేను నిఘంటువులో 'గో ఆఫ్' కింద ఉన్న అర్థాలన్నీ వరసగా తెలుగులోకి మార్చి చూశాను. సరదాగా మొదలుపెట్టిన పని, ఫలితం మాత్రం ముచ్చటేసింది. వెళ్లిపోయాడు. ఆరిపోయింది. పేలిపోయింది. 'గో ఆఫ్ టు స్లీప్', నిద్రపోయాడు. తిండి 'వెంట్ ఆఫ్' అంటే పాచిపోయింది. 'ది ఫంక్షన్ వెంట్ ఆఫ్ వెల్', చక్కగా జరిగిపోయింది. ఒకరి గొడుగుతో ఇంకొకరు 'వెంట్ ఆఫ్' అంటే పట్టుకుపోయారు. ఒకరి భార్యతో అయితే లేచిపోయారు. మన 'పోవు' దాదాపు ప్రతిచోటా తోక పట్టుకుని వస్తోంది.

పాల దగ్గర ఇంకాస్త ఆగాలి. 'ది మిల్క్ హాజ్ గాన్ ఆఫ్' అంటే పాలు విరిగిపోయాయి. ఇది బ్రిటిష్ వాడుక. అమెరికాలో 'గాన్ బ్యాడ్' అనడమే ఎక్కువ. అదే బ్రిటిష్ వాడుకలో 'షీ హాజ్ గాన్ ఆఫ్ హిమ్' అంటే అతని మీద ఆమెకి మనసు విరిగిపోయింది. పాలకీ మనసుకీ ఇంగ్లీషు ఒకే మాట వాడుతోంది, మనమూ ఒకే మాట వాడుతున్నాం. రెండు భాషలకీ ఇక్కడ చుట్టరికం ఏమీ లేదు, ఒకరిని చూసి ఒకరు రాసుకున్నదీ కాదు. అయినా ఒకే దారిలో వెళ్లాయి. మనిషి బదులు పాట, రంగు, అలవాటు అయితే మనం మొహం మొత్తింది అంటాం. అక్కడ 'పోవు' రాదు, నా పట్టిక కాస్త కుంటుపడుతుంది.

అలారం దగ్గరా అంతే. 'మోగిపోయింది' అని మనం మామూలుగా అనం. 'మోగిపోతోంది' అంటాం, కానీ దాని అర్థం ఆపకుండా హోరెత్తిస్తోందని. అందుకే ప్రశ్న అడిగినవారు సరిగ్గా అలారం దగ్గరే తట్టుకుని పడ్డారు.

మనుషులు 'గో ఆఫ్' అయితే? 'హీ వెంట్ ఆఫ్ ఆన్ మీ' అంటే నా మీద విరుచుకుపడ్డాడు, రెచ్చిపోయాడు. ఇది అమెరికన్ వాడుక. ఈమధ్య కుర్రకారు పొగడ్తగా కూడా వాడుతున్నారు, వేదిక మీద ఎవరైనా ఇరగదీస్తే 'షీ వెంట్ ఆఫ్' అంటారు. తెలుగులో 'రెచ్చిపోయింది' అన్నదానికీ ఈ రెండు ముఖాలూ ఉన్నాయి కదా, తిట్టినప్పుడూ అదే, అదరగొట్టినప్పుడూ అదే.

చావు గురించి కూడా ఒకరు అడిగారు: "తెలుగులో పోయాడు అంటే చనిపోయాడని. 'గో ఆఫ్'కి ఆ అర్థం లేదుగా?" ఇప్పుడు లేదు, ఒకప్పుడు ఉంది. షేక్‌స్పియర్ 'మాక్‌బెత్' చివర్లో యుద్ధం ముగిశాక రాకుమారుడు మాల్కమ్, మన మిత్రులు ఇంకా కనబడటం లేదే, క్షేమంగా వచ్చి ఉంటే బాగుండేది అంటాడు. ముసలి సేనాని సివార్డ్ 'సమ్ మస్ట్ గో ఆఫ్' అంటాడు. కొందరు పోక తప్పదు, ఇంత పెద్ద విజయానికి ఈ మూల్యం తక్కువే అని అతని ఉద్దేశం. తన సొంత కొడుకు పోయాడని అప్పటికి అతనికి తెలియదు, ఆ కబురు ఆ వెంటనే వస్తుంది. నాటకాల పరిభాషలో పాత్ర వేదిక దిగి వెళ్లడాన్నీ 'గో ఆఫ్' అనే అంటారు. ఆ మాట నటుడి నోట ఎలా పలుకుతుందో ఊహించుకోండి.

ఇలాంటి క్రియలు పరాయివాళ్లని తిప్పలు పెడతాయన్నది కొత్త ఫిర్యాదేం కాదు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు ముందుమాటలోనే, విదేశీయులకి అన్నిటికన్నా కష్టమైనది ఇదేనని ఒప్పుకున్నాడు. క్రియ పక్కన ఒక చిన్న మాట చేర్చి అర్థం మార్చేస్తామని చెప్పి, కొన్ని ఉదాహరణలిచ్చాడు. వాటిలో 'టేక్ ఆఫ్'కి ఆయన రాసిన అర్థం నకలు చేయడం. 'సెట్ ఆఫ్'కి రాసినది అందం తేవడం. విమానం ఎగరడమూ, అలారం మోగించడమూ ఆ వరసలో లేవు. అర్థాలు ఇంతలా జరిగిపోతుంటే జాబితాని బట్టీ పట్టి ఏం లాభం? కర్తతో కలిపి వాక్యంగా గుర్తుపెట్టుకోవడం మేలు. పాలు 'వెంట్ ఆఫ్', సైరన్ 'వెంట్ ఆఫ్', అలా.

ఒక్కచోట మాత్రం జాగ్రత్త. మీటింగులో 'హిజ్ ఫోన్ వెంట్ ఆఫ్' అంటే అతని ఫోన్ మోగింది. మనం చార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగిపోయిందని చెప్పబోయి 'మై ఫోన్ వెంట్ ఆఫ్, సారీ' అంటాం. అవతలివాళ్లు 'మోగితే తీయచ్చుగా?' అనుకుంటారు. 'మై ఫోన్ డైడ్' అంటే సరిపోతుంది. అలారం ఆగిందని చెప్పాలంటే 'ది అలారం స్టాప్డ్' అనండి.

'గో' లేకుండా ఒంటరిగా ఉన్న 'ఆఫ్' సంగతేంటని అడిగినవారికి: అక్కడా ఇదే గొడవ. 'ది రేస్ ఈజ్ ఆఫ్' అంటే పందెం రద్దయింది. గుర్రాలు గీత దాటగానే వ్యాఖ్యాత 'దే ఆర్ ఆఫ్!' అని అరిస్తే పందెం మొదలైంది.