పాత కంప్యూటర్లు వికలాంగుల సంస్థలకు ఇవ్వడం సాయమా, చెత్త దించుకోవడమా?

మాదాపూర్ అడ్మిన్:
మా కార్యాలయంలో 60 ల్యాప్‌టాప్‌లు మార్చేస్తున్నాం. అవన్నీ ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్లవి కాబట్టి విండోస్ 11కు అర్హత లేదు. విండోస్ 10కు మామూలుగా వచ్చే ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. తుక్కుకు వేయకుండా, పాత హార్డ్ డిస్కులు తీసి వాటికన్నా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీలు వేయించి, అంధులకూ ఇతర వికలాంగులకూ శిక్షణ ఇచ్చే ఒక కేంద్రానికి ఇవ్వాలని ప్రతిపాదించాను. తెర పగిలినవి 11 తుక్కులో పెట్టించి, మిగిలిన 49 శుభ్రం చేయిస్తున్నాను. సభ్యుల అభిప్రాయం చెప్పగలరు.

బెజవాడ స్క్రూడ్రైవర్:
పదిహేనేళ్లుగా కంప్యూటర్ల మరమ్మతు చేస్తున్న వాడిగా చెబుతున్నాను, అప్‌డేట్లు రాని యంత్రాన్ని బ్యాంకు పనులు చేసుకునే మనిషి చేతిలో పెట్టడం సాయం కాదు. సంస్థలు డబ్బు కట్టి మూడేళ్ల వరకు అప్‌డేట్లు పొందవచ్చు గాని, ఆ డబ్బు ఎవరు కడతారు? విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసి ఇవ్వండి.

గోదారి గట్టు:
వికలాంగులు అనకూడదు, దివ్యాంగులు అనాలి.

చెవితో చదువరి:
నాకు చూపు లేదు. ఇలాంటి కేంద్రంలోనే ఎనిమిదేళ్లుగా కంప్యూటరు నేర్పుతున్నాను. పేరు మీకు నచ్చినట్టు పెట్టుకోండి. లినక్స్ సంగతికి వస్తే, దానిలో ఓర్కా అనే స్క్రీన్ రీడర్, అంటే తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, ఉన్నమాట నిజమే. కానీ మా పాఠాలన్నీ ఎన్‌విడిఏ అనే మరో స్క్రీన్ రీడర్‌తో సాగుతాయి, అది విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. ఉచితంగా దొరుకుతుంది, తెలుగూ చదువుతుంది. మా పిల్లలు ఉద్యోగాలకు వెళ్లే చోట ఉండేదీ విండోసే.

అడ్మిన్ గారికి నా ప్రశ్న ఒక్కటే. ఆ 49 యంత్రాలలో హెడ్‌ఫోన్ పెట్టే రంధ్రం ఎన్నింటికి పనిచేస్తుందో చూశారా? మీరు తెర చూసి ఏరారు. మాకు తెర అక్కరలేదు, శబ్దం కావాలి. మీరు తుక్కులో పడేసిన 11 ల్యాప్‌టాప్‌లే మా పిల్లలకు పనికొస్తాయేమో.

మాదాపూర్ అడ్మిన్:
శబ్దం పరీక్షించలేదు, ఒప్పుకుంటాను. అయితే తెర కనబడకుండా ఏ సాఫ్ట్‌వేరైనా ఎలా ఎక్కిస్తారు?

చెవితో చదువరి:
విండోస్ మీట, కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే విండోస్‌లోనే ఉన్న నేరేటర్ అనే స్క్రీన్ రీడర్ మాట్లాడడం మొదలుపెడుతుంది. అది వింటూ మిగతావి నేనే ఎక్కించుకుంటాను.

బెజవాడ స్క్రూడ్రైవర్:
అప్‌డేట్ల ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

మాదాపూర్ అడ్మిన్:
ఒక మాట నిర్మొహమాటంగా చెబుతాను. నాలుగేళ్ల కిందట మా పాత కార్యాలయం తరఫున ఒక హాస్టలుకు 15 కంప్యూటర్లు నేనే దగ్గరుండి ఇప్పించాను. ఏడాది తర్వాత వెళ్లి చూస్తే, గదికి తాళం, కంప్యూటర్ల మీద దుప్పట్లు. ఇచ్చేవాడికి ఇన్ని షరతులు పెట్టి, ఇచ్చినదాన్ని మూలన పడేస్తే, రేపు ఇవ్వడానికి ఎవరు ముందుకొస్తారు?

చెవితో చదువరి:
తాళం ఎందుకు వేశారో అక్కడ ఎవరినైనా అడిగారా? ఆ హాస్టలు నాకు తెలియదు, మా కేంద్రం సంగతి చెబుతాను. ఒక దాత 20 కంప్యూటర్లు ఇచ్చి, ఫొటోలు తీయించుకుని వెళ్లారు. ఎనిమిదింటికి శబ్దం రాలేదు. మిగిలిన పన్నెండింటి దగ్గర నేర్పవలసిన సహాయకుడు జీతం లేక మానేశాడు. నేనొక్కణ్ణే పన్నెండుమంది చెవుల్లో ఏం మోగుతోందో ఎలా వినగలను? అడుగంటిన బ్యాటరీలను మాత్రం మా ఖర్చుతోనే వదిలించుకున్నాం. ఆ యంత్రాలు వచ్చిన రోజున మేము అడిగింది మనిషిని.

గోదారి గట్టు:
ఇద్దరూ శాంతించండి. పదం మాత్రం మార్చండి.

మాదాపూర్ అడ్మిన్:
జీతం అడిగితే మా ఫైనాన్సు వారు ఒప్పుకోరు. వస్తువులైతే సీఎస్‌ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత, కింద చూపించుకోవచ్చని వారి ఆలోచన. అసలు ఈ ప్రతిపాదన ముందుకు కదిలిందే దానివల్ల.

సెక్షన్ 135:
మొదటినుంచి చదువుతున్నాను, ఇక్కడ ఒక పొరపాటు సరిదిద్దాలి. కంపెనీల చట్టం 2013 ప్రకారం సీఎస్‌ఆర్ అంటే ఖర్చు పెట్టడం. వస్తువు ఇచ్చి దానికి వెలకట్టి సీఎస్‌ఆర్‌గా చూపించడం కుదరదని కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2021లో ఇచ్చిన వివరణల్లోనే ఉంది. వికలాంగులకు ఉపాధి నైపుణ్యాలు నేర్పే కార్యక్రమం సీఎస్‌ఆర్ కింద చేయదగిన పనుల జాబితా అయిన ఏడో షెడ్యూలులోకి వస్తుంది కనుక, దానిలో భాగంగా శిక్షకుడికి ఇచ్చే డబ్బును చూపించవచ్చు. మీ ఫైనాన్సు వారు తలకిందులుగా పట్టుకున్నారు.

మాదాపూర్ అడ్మిన్:
ఇది నాకు తెలియదు. రేపు అడుగుతాను, అయినా హామీ ఇవ్వలేను. నిజం చెప్పాలంటే, మార్చి నెల 31లోగా 60 యంత్రాలు తీసేసి గది ఖాళీ చేయాలన్నదే నా మీదున్న ఒత్తిడి.

చెవితో చదువరి:
ఇంత సూటిగా మొదటే చెప్పి ఉంటే ఇన్ని మాటలు పెరిగేవి కావు. మీకు గది ఖాళీ కావాలి, నాకు మనిషి కావాలి. తెర పగిలిన 11లో శబ్దం పనిచేసేవి పంపండి. తెర బాగున్నవాటిలో ఆరు చాలు, అవి చేతులు సరిగా కదలని మా పిల్లలకు పనికొస్తాయి. వారికి ట్రాక్‌బాల్ మౌసులు, అంటే చెయ్యి జరపకుండా బంతి తిప్పి నడిపేవి, విడిగా కొనాలి. మిగిలినవి పాత యంత్రాలు బాగుచేసే అధీకృత రీఫర్బిషర్‌కు అప్పగించండి. సహాయకుడి సంగతి తేలేదాకా ఏడోది తీసుకోను.

మాదాపూర్ అడ్మిన్:
49 ఇస్తానంటే ఆరు తీసుకుంటారా? సరే. ఆ 11కీ సోమవారం హెడ్‌ఫోన్ పెట్టి చూస్తాను.

బెజవాడ స్క్రూడ్రైవర్:
ఆ 11 కూడా విండోస్ 10వే కదా.