‘నీకింత భయంబు’లో ఆ ‘ఇంత’ ఎంత?

మాంగా పిచ్చి, హైదరాబాద్:
వారం రోజులుగా ఒక పద్యపాదం చెవిలో జోరీగలా తిరుగుతోంది. "నీకింత భయంబేల యడుగ..." ఆ తర్వాత గుర్తు రావట్లేదు. అల్లసాని పెద్దన మనుచరిత్రలో, దారి తప్పిన ప్రవరుడు దోవ అడిగితే వరూధిని అనే మాట. నాకు జపనీస్ ప్రేమ మాంగాలు, అంటే బొమ్మల కథలు, చదివే అలవాటు. ఇప్పుడు చదువుతున్నదాంట్లో నలభై అధ్యాయాలు అయ్యాయి, హీరో ఇంకా ఆ పిల్ల చెయ్యి పట్టుకోలేదు. నిన్న చాచాడు. పేజీ అంతా రెండు చేతులే, మధ్య రెండు వేళ్ల సందు. ఆత్రంగా పేజీ తిప్పితే వాడి చెయ్యి జేబులో ఉంది! "నీకింత భయం ఏంట్రా" అని పైకే అనేశాను. పక్కన మా ఆయన ఉలిక్కిపడ్డారు. పద్యం అప్పుడు తట్టింది. పూర్తిగా ఎవరికైనా వచ్చా? ఇంకొకటి, ఇలాంటి వాణ్ని జపాన్‌లో ‘హెతారె’ అంటారు. తెలుగులో ఒక్క మాట కావాలి. పిరికివాడు అంటే సరిపోవట్లేదు.

యమాతా:
‘భయంబేల’ కాదండీ. ఉత్పలమాలలో రెండో గణం రగణం. ‘యంబేల’ అంటే తగణం అయి కూర్చుంటుంది. ‘భయంబు లేకడుగ’. పెద్దన గణం తప్పడు.

పద్యాల మాస్టారు, తెనాలి:
ఇదిగో అమ్మా, ద్వితీయాశ్వాసం:

"ఇంతలు కన్నులుండఁ దెరు వెవ్వరి వేడెదు భూసురేంద్ర! యే
కాంతమునందు నున్న జవరాండ్ర నెపంబిడి పల్కరించు లా
గింతయ కాక, నీ వెఱుఁగవే మును వచ్చిన త్రోవ చొప్పు? నీ
కింత భయంబు లేకడుగ నెల్లిద మైతిమె? మాటలేటికిన్."

నువ్వు అనుకున్నదానికి పూర్తిగా వ్యతిరేకం. ఎందుకు భయపడుతున్నావని కాదు, కాస్తయినా భయం లేకుండా అడుగుతున్నావే, అంత చులకన అయ్యామా అని.

మాంగా పిచ్చి:
అయ్యో. ఇన్నేళ్లూ తల్లకిందులుగా గుర్తుపెట్టుకున్నానా! కానీ మాస్టారూ, ‘ఇంత’ అంటే ‘ఇంతటి’ అని కదా. ‘కాస్త’ ఎలా అయింది?

నిఘంటువు అత్తయ్య:
"ఇంత అన్నం పెట్టమ్మా" అన్నవాడికి గుండిగ దింపుతామా? "ఇంత కుంకుమ పెట్టుకో" అంటే భరిణె ఒంపుకోం కదా. లేదన్నప్పుడు వచ్చే ‘ఇంత’ ఎప్పుడూ చిటికెడే.

యమాతా:
నా లెక్కలో ఆ ‘ఇంత’కు అర్థమే వెతక్కూడదు. ప్రాస ‘ంత’. ఇంతలు, కాంతము, ఇంతయ, ఇంత. ప్రాస కోసం వచ్చిన ముక్క.

పద్యాల మాస్టారు:
పూరణకి పదాలు వేసే కవా ఆయన? మూడు ‘ఇంత’లనూ మూడు రకాలుగా చదవండి. మొదటిది చేత్తో చూపించే ఇంత, అంతేసి కళ్లు. రెండోది ‘ఇంతే తప్ప’. మూడోది చిటికెడు. ఒకే మాటని మూడుసార్లు తిప్పి మూడు కొలతలు కొలిచాడు. ప్రాస కూడా కుదిరిందంటే అది ఆయన అదృష్టం కాదు, మనది.

ఒసాకా తెలుగు:
ఛందస్సు నాకు రాదు, ‘హెతారె’ గురించి చెప్తాను. మా వైపు, అంటే కన్సాయ్‌లో, ‘హెతారు’ అంటే నీరసించి కూలబడటం. దాన్నుంచే వచ్చిందని ఇక్కడివాళ్లు చెప్తారు. అసలు సమయంలో చతికిలపడేవాడు. ఇంకోటి ‘సోషొకు దాన్షి’, గడ్డి మేసే మగవాడు. 2006లో ఫుకసావా మాకి అనే కాలమిస్టు పెట్టిన పేరు. ఆవిడ తిట్టుగా పెట్టలేదు, జనం తిట్టు చేసుకున్నారు. నాకు నచ్చిన మాట మాత్రం ‘ఒకుతె’. ఆలస్యంగా పండే వరికి అదే పేరు, ప్రేమ విషయంలో ఆలస్యంగా తెలివొచ్చేవాడికీ అదే పేరు. రాయడం వేరు, పలకడం ఒకటే.

కోనసీమ రైతుబిడ్డ:
ఇది అదిరింది. అయితే మన హీరో స్వర్ణ రకం అన్నమాట, నూట యాభై రోజులు. అదే 1010 అయితే నూట ఇరవైకే కోతకొస్తుంది. మా నాన్న మాత్రం ఆలస్యమైనా గింజకి స్వర్ణే అంటారు.

మాంగా పిచ్చి:
గింజ పడితే ఎవరికీ బాధ లేదండీ. ఇక్కడ ఊడుపే పూర్తికాలేదు.

నిఘంటువు అత్తయ్య:
‘నాన్చుడుగాడు’ అనొచ్చు కదా. పప్పు నానబెట్టి రుబ్బడం మర్చిపోయినవాడు.

యమాతా:
నాన్చుడు తేల్చకపోవడం. హెతారె తేల్చలేకపోవడం. ఒకటి కాదు.

నిఘంటువు అత్తయ్య:
సరే, ‘నీళ్లు నమిలేవాడు’. కొట్టేయడానికి దీంట్లో గణాలు కూడా లేవు.

ఒసాకా తెలుగు:
అసలు పాత తరం హీరో దగ్గర మొదలెట్టాలి. ‘మెజోన్ ఇక్కొకు’ అనే మాంగా చదివారా? తకహాషి రుమికోది, 1980 నుంచి 87 దాకా, పదిహేను సంపుటాలు. గొదాయ్ ఎంట్రన్సు తప్పిన కుర్రాడు, క్యోకో వాడు అద్దెకుండే ఇంటి మేనేజరు, భర్త పోయిన మనిషి. చాలా ముందే తాగిన మైకంలో వీధంతా వినపడేలా క్యోకోసాన్ అంటే ఇష్టం అని అరుస్తాడు. తెల్లారితే ఏమీ గుర్తుండదు! నాకు ఇంకా నచ్చింది పోటీదారు మితాకా. టెన్నిస్ కోచ్, చిరునవ్వు, కారు, అన్నీ ఉన్నాయి, నోట్లో మాట తడబడదు. కానీ కుక్కని చూస్తే ఒళ్లంతా వణుకు. క్యోకో ఇంట్లో ఏముంది? గున్నేనుగంత తెల్ల కుక్క. కాబట్టి భయం లేనివాడంటూ ఎవరూ లేరు, ఎవరి కుక్క వాళ్లది. గొదాయ్‌ది పిరికితనం అనను. చేతిలో ఉద్యోగం లేదు, ఎదురుగా పోయిన భర్త జ్ఞాపకం ఉంది. ఆ తటపటాయింపుకి కారణం ఉంది. ఇప్పటి హీరోలకి ఆ కారణం కూడా ఉండదు, అందుకే చిరాకు.

మాంగా పిచ్చి:
సరిగ్గా నా బాధ ఇదే! ఆ అమ్మాయి ఎదురుగా నిలబడి ఇష్టమని చెప్తే "ఆఁ? ఏమన్నావ్?" అంటాడు. పక్క పేజీలో చీమ నడిచినా వినపడే చెవులు అప్పుడు మాత్రం పనిచెయ్యవు.

పద్యాల మాస్టారు:
వారానికి ఇరవై పేజీలు గీయమంటే మరేం చేస్తారమ్మా? మా పెద్దన గారైతే "నిరుపహతి స్థలంబు" అని మొదలెట్టి, కప్పురవిడెం, ఇంపైన భోజనం, ఊయల మంచం అన్నీ అడిగి, అవి లేకుండా "ఊరక కృతుల్ రచియింపు మటన్న శక్యమే" అనేశాడు. ఆ చాటువు ఎప్పుడు చదివినా నాకు విడెం వాసన వస్తుంది. మాంగా గీసేవాడికి ఊయల మంచం కాదు, కునుకు కూడా దొరకదు. పాఠకుల ఓట్లు బాగుంటే కథ ఆపనివ్వరు. హీరో నోరు విప్పిన రోజు కథ అయిపోతుంది. అందుకని నోరు కుట్టేస్తారు.

యమాతా:
ఆ చాటువు పెద్దనదేనని ఎవరు చెప్పారు?

పద్యాల మాస్టారు:
మా నాన్నగారు.

కృష్ణా జిల్లా కుర్రాడు:
పెద్దల ముందు చిన్న థియరీ. ‘ఎల్లి’ అంటే రేపు కదా. ‘ఎల్లిదము’ అంటే రేపటికి వాయిదా వేయదగ్గది, అందుకే చులకన. ఈ హీరోలందరూ ‘ఎల్లి’ హీరోలు. రేపు చెప్తా, రేపు చెప్తా.

నిఘంటువు అత్తయ్య:
బాబూ, సరదాగా ఉంది, కానీ కుదరదు. ఇది మాత్రం చూడు. అంతకు ముందు ప్రవరుడు ఆమెని ఎలా పలకరించాడు? "ఎవ్వతె వీవు భీతహరిణేక్షణ యొంటిఁ జరించె దోటలే / కివ్వనభూమి". ఓట అంటే భయం. ఓట లేక, అంటే జంకు లేకుండా ఒంటరిగా తిరుగుతున్నావే అని అడిగాడు. దానికి బదులు "నీకింత భయంబు లేక". వాడి ‘లేక’ని వాడికే తిరగ్గొట్టింది. ఓటకి భయం, లేకకి లేక. ఇంక ఆ ‘ఇంత’ మీద అనుమానం ఏముంది?

పద్యాల మాస్టారు:
అత్తయ్యగారికి నమస్కారం. నలభై ఏళ్లు పాఠం చెప్పాను, ఈ రెండు పద్యాలూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

యమాతా:
ఆవిడ కళ్లకే ‘భీత’ అని విశేషణం వేసి, వెంటనే ‘ఓటలేక’ అంటాడా? మొదటిది వట్టి కవిసమయం అయితే రెండోది కూడా వట్టి మర్యాద మాటే కావచ్చు. అప్పుడు మీ ఎదురు దెబ్బ వాదం బలహీనపడుతుంది.

నిఘంటువు అత్తయ్య:
బెదురు లేడి కళ్లున్న మనిషి బెదరకుండా తిరుగుతోందనేగా వాడి ఆశ్చర్యం! వట్టి మర్యాద మాటలో మెలిక ఉంటుందా నాయనా?

మాంగా పిచ్చి:
అయితే ప్రవరుడు హెతారె కాదన్నమాట. నేను అనవసరంగా వీళ్ల గుంపులో కలిపాను.

పద్యాల మాస్టారు:
చచ్చినా కలపకు. ఆమె కౌగిలించుకుంటే "ఓరమో మిడి", మొహం పక్కకి తిప్పుకుని, భుజాలు పట్టి తోసేశాడు. "కలంచునే సతుల మాయల్ ధీరచిత్తంబులన్" అని కవే తేల్చాడు.

ఒసాకా తెలుగు:
మాస్టారూ, ఆ ఓరమోము ప్రతి మాంగాలోనూ ఉంటుంది. మొహం పక్కకి, కళ్లు కిందికి, బుగ్గ మీద మూడు అడ్డగీతలు. బొమ్మ ఒకటే. పెద్దన ధీరుడంటాడు, మేము హెతారె అంటాం.

మాంగా పిచ్చి:
ధీరుడైతే ఎందుకు రానని చెప్తాడు కదా! ప్రవరుడు ఇంటి దగ్గర నిత్యకర్మలు ఉన్నాయని మొహం మీదే చెప్పాడు. కాదని చెప్పినా నాకు చాలు. మా వాడు అవునూ అనడు, కాదూ అనడు. మొహమాటం అందామంటే, అది ఎదుటివాళ్ల కోసం పడేది. వీడిది తన కోసమే.

కోనసీమ రైతుబిడ్డ:
ఇంతకీ చెయ్యి పట్టుకున్నాడా?

మాంగా పిచ్చి:
ఈ వారం నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే బాణసంచా పేలింది. మాట బుడగలో చుక్కలు మాత్రం ఉన్నాయి. వచ్చే వారం సెలవట.

కృష్ణా జిల్లా కుర్రాడు:
ఇంకొక్క చిన్న సందేహం. మా ఇంట్లో పుస్తకంలో చివరి మాట "మాట లేటికిన్" అని విడిగా అచ్చయింది. మా తమ్ముడు ‘మాట లేటు’ అని చదివాడు. అప్పుడు మీ హీరోకి సరిపోతుంది కదా?

యమాతా:
మాటలు, ఏటికిన్. దయచేసి దీన్ని కూడా మొదలెట్టకండి.

నిఘంటువు అత్తయ్య:
‘ఏటికి’ అన్నావు కాబట్టి అడుగుతున్నా, పాత ప్రతుల్లో ఇది ‘ఏటికిన్’ అనే ఉందా, ‘ఏమిటికిన్’ అని ఎక్కడైనా చూశావా?