బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల నడిచేవారి కోసం, సైకిలు తొక్కేవారి కోసం అర్జీలో ముందుగా ఏమి అడగాలి?

పటమట నివాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. విజయవాడలో పటమట, లబ్బీపేట వైపు కాలనీల వాళ్లం కొందరం కలిసి నడకదారుల గురించి, సైకిలు దారుల గురించి అధికారులకు ఒక అర్జీ ఇవ్వాలని నిర్ణయించుకున్నాము. అయితే అందులో ముందుగా ఏమి అడగాలన్న దగ్గరే మాలో మాకు పొత్తు కుదరడం లేదు. హైదరాబాదులో అవుటర్ రింగు రోడ్డు పక్కన సౌరఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో ప్రారంభమైంది కాబట్టి, బందరు రోడ్డు పక్కన కూడా అటువంటిదే అడగాలని మా కుర్రవాళ్ల పట్టుదల. ముందు క్షేమంగా రోడ్డు దాటే ఏర్పాటు చేయిస్తే చాలునని పెద్దవాళ్లు అంటున్నారు.

మా వీధి చివర కాలిబాట పరిస్థితి చెబితే మీకు సంగతి అర్థమవుతుంది. మురుగు కాలువ మీద పరిచిన పలకలనే కాలిబాట అంటున్నారు. దాని మీద మొదట ఒక దుకాణం మెట్లు, ఆ తరువాత ట్రాన్స్‌ఫార్మర్ గద్దె, దానిని ఆనుకొని విరిగిన పలక, ఆ గోతిలో ఎవరూ కాలు వేయకుండా నిలబెట్టిన వేపకొమ్మ, అది దాటగానే ఒక ఇంటివారు కారు ఎక్కించుకోవడానికి పోయించుకున్న ర్యాంపు ఉన్నాయి. ఇన్నిసార్లు ఎక్కి దిగలేక అందరూ తారు రోడ్డు మీదనే నడుస్తున్నారు. అనుభవజ్ఞులు ఎవరైనా దారి చూపగలరా?

విశ్రాంత రోడ్ల ఇంజనీరు:

నేను మీ పెద్దవాళ్ల పక్షమే. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల వల్ల మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులే. అంటే ప్రతి ఐదు మరణాలలో దాదాపు ఒకటి కాలినడకన వెళ్లేవారిది. కాబట్టి అర్జీలో మొదటి పుట కూడళ్లకే కేటాయించండి.

బెంజ్ సర్కిల్ దగ్గర 16వ నంబరు, 65వ నంబరు జాతీయ రహదారులు కలుస్తాయి. పైవంతెనలు వచ్చాక ఊరు దాటిపోయే వాహనాలు పైనుంచి వెళుతున్నా, కింద నడిచేవాడు దాటవలసిన రోడ్లు అలాగే ఉన్నాయి. అక్కడ అడగవలసినది నడిచేవారికి చాలినంత పచ్చదీపం సమయం. లెక్క ఎవరైనా వేయవచ్చు. 24 మీటర్ల వెడల్పున్న రోడ్డును సెకనుకు 1.2 మీటర్లు నడిచే ఆరోగ్యవంతుడు 20 సెకన్లలో దాటితే, సెకనుకు 0.8 మీటర్ల కంటే వేగంగా నడవలేని వృద్ధురాలికి 30 సెకన్లు పడుతుంది. సిగ్నల్ సమయాన్ని ఆ వృద్ధురాలిని దృష్టిలో పెట్టుకొని నిర్ణయించాలి. అంత సమయం ఇవ్వలేమంటే డివైడరును వెడల్పు చేసి, మధ్యలో మనిషి నిలబడే తావు కల్పించాలి. అప్పుడు ఆమె ఒక్కో విడతలో 12 మీటర్లు దాటితే సరిపోతుంది.

ఇంకొకటి ఫ్రీ లెఫ్ట్, అంటే సిగ్నల్‌తో నిమిత్తం లేకుండా వాహనాలను ఎడమకు తిరగనివ్వడం. నడిచేవారికి పచ్చదీపం వెలిగినప్పుడు కూడా ఎడమవైపు తిరిగే వాహనాలు ఆగకపోతే ఆ దీపానికి అర్థం లేదు. రద్దీ కూడళ్లలో దానిని ఎత్తివేయమని, లేదా వాహనాలు నెమ్మదించేలా ఆ మలుపును ఇరుకు చేసి, అడ్డంగా రోడ్డు మట్టం కంటే ఎత్తుగా జీబ్రా దాటు వేయమని అడగండి. కాలినడక వంతెన కట్టిస్తామని ఎవరైనా అంటే మాత్రం తొందరపడి ఒప్పుకోవద్దని నా సలహా. మోకాళ్ల నొప్పులున్నవారు ఆ మెట్లు ఎక్కరు, కుర్రవాళ్లేమో ఎక్కే ఓపిక లేక డివైడరు దూకుతారు.

కాలిబాట విషయంలో, రోడ్ల నిర్మాణ ప్రమాణాలు రూపొందించే సంస్థ అయిన భారత రోడ్ల కాంగ్రెస్ (ఐఆర్‌సీ) ప్రమాణాలు స్పష్టంగా ఉన్నాయి. అడ్డంకులు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు, పైన ఖాళీ 2.2 మీటర్లు ఉండాలి, గట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. మీరు రాసిన ఆ వీధికి ఒక కొలత టేపు తీసుకొని వెళ్లి, ప్రతి అడ్డంకినీ కొలిచి, ఫొటోతో సహా జతపరచండి. కొలతలున్న అర్జీని పక్కన పెట్టడం అధికారులకు కొంచెం కష్టం.

ఆటోనగర్ సైకిలు:

ఇంజనీరుగారు చెప్పినదంతా బాగున్నది కాని, సైకిలు సంగతి మరుగున పడింది. మన ఊరిలో సైకిలు తొక్కేవారిలో ఎక్కువమంది వ్యాయామానికి తొక్కడం లేదు. తెల్లవారకముందే పేపర్లు వేసే పిల్లలు, పాలవాళ్లు, తాపీ మేస్త్రీలు, ఆటోనగర్ షెడ్లలో పనిచేసేవారు, రాత్రి కాపలా ముగించుకొని ఇంటికి వెళ్లేవారు గతిలేకనో, ఖర్చు కలిసివస్తుందనో తొక్కుతున్నారు. వీరికి కావలసినది ఇంటి నుంచి పని దగ్గరికి తెగిపోకుండా సాగే దారి. అవుటర్ రింగు రోడ్డు పక్కన వేసినది ఊరి అంచున ఉన్న దారి, మనకు దాని నమూనా సరిపోదు.

బందరు రోడ్డు మీద రంగు గీత గీసి సైకిల్ ట్రాక్ అంటే వారం తిరగకుండా అది బైకుల పార్కింగ్ అవుతుంది. అంతకంటే మనకు ఇతర ఊళ్లకు లేని సౌకర్యం ఒకటుంది. బందరు, రైవస్, ఏలూరు కాలువలు మూడూ ఊరి మధ్యగా ప్రవహిస్తున్నాయి. కాలువ గట్టు దాదాపు సమతలంగా ఉంటుంది, ఒక పక్క నీరే కాబట్టి అటునుంచి అడ్డు వచ్చే వీధులు ఉండవు. చెట్లున్న చోట మే నెల ఎండలో కూడా తొక్కవచ్చు. గుణదల, రామవరప్పాడు వైపు వెళ్లే ఏలూరు కాలువ గట్టునే చూడండి, దానిని సరిచేస్తే ఏలూరు రోడ్డు మీద బస్సుల మధ్య ఇరుక్కునే అవసరం చాలామందికి తప్పుతుంది.

ఇబ్బందులు లేవనడం లేదు. ప్రతి వంతెన దగ్గర గట్టు దారి తెగిపోయి, రద్దీ రోడ్డును అడ్డంగా దాటవలసి వస్తుంది. అక్కడే ఇంజనీరుగారు చెప్పిన ఎత్తైన దాటు వేయాలి. చీకటి పడ్డాక దీపాలు లేకపోతే ఆడవాళ్లు ఆ దారిన రారు, నీటివైపు రెయిలింగ్ లేకపోతే పిల్లలను ఎవరూ పంపరు. గట్ల మీద ఏళ్లుగా ఇళ్లు వేసుకొని ఉన్నవారి సంగతి ఇంకా చిక్కు. వారిని వెళ్లగొట్టి సైకిలు దారి వేయమని అడిగే అర్జీ మీద నేనైతే సంతకం పెట్టను. ఖాళీగా ఉన్న గట్టుతో మొదలుపెట్టి, ఇళ్లున్న చోట పక్క వీధిలోకి మళ్లించి, ఆ వీధిలో వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకుండా చేస్తే చాలు.

సత్యనారాయణపురం మీదుగా వెళ్లే బీఆర్‌టీఎస్ (బస్సులకు ప్రత్యేక వరుసల పద్ధతి) రోడ్డును కూడా మరచిపోకండి. విశాలమైన ఆ రోడ్డులో ఒక వరుస సైకిళ్లకు వదిలిపెట్టడానికి కొత్తగా భూసేకరణ అక్కరలేదు.

గవర్నరుపేట దుకాణదారు:

కాలిబాట అనగానే అందరూ తోపుడు బండ్లవాళ్ల మీద పడతారేమోనని నా భయం. 2014 నాటి వీధి విక్రేతల చట్టం ప్రకారం సర్వే చేసి, పట్టణ విక్రయ కమిటీ ద్వారా స్థలం చూపించకుండా వారిని తొలగించడానికి వీలులేదు. నా అనుభవంలో నడిచేవారికి పెద్ద అడ్డం బండ్లవాళ్లకంటే మేము దుకాణాల ముందు నిలబెట్టుకునే వాహనాలే. ఇది మా సంఘంలో అంటే నన్ను కొట్టడానికి వస్తారు, అది వేరే సంగతి. బీసెంట్ రోడ్డులో జనం నడిచే కొంటారు, కారులో కూర్చొని కొనరు. చెన్నైలో పాండీ బజారును 2019లో నడిచేవారికి అనుకూలంగా మార్చిన తరువాత కూడా అది బజారుగానే ఉంది. అయితే పార్కింగ్ ఎక్కడో చూపించకుండా ఉన్నదానిని తీసివేస్తే వ్యాపారులు తప్పకుండా అడ్డుపడతారు కాబట్టి, ఆ రెండూ ఒకే అర్జీలో ఉండేలా రాయండి.

పటమట నివాసి:

అందరికీ కృతజ్ఞతలు. కూడళ్లు మొదట, కాలువ గట్లు తరువాత అని మావాళ్లను ఒప్పించగలననే అనుకుంటున్నాను. ఒక్క సందేహం మిగిలింది. ఇన్ని పనులకు ఒకే అర్జీ సరిపోతుందా? ఇంతకుముందు ఒక కార్యాలయానికి వెళితే మా పరిధి కాదని ఇంకొకరి దగ్గరికి పంపారు.

విశ్రాంత రోడ్ల ఇంజనీరు:

సరిపోదు. వీధుల కాలిబాటలు నగరపాలక సంస్థవి, కాలువ గట్లు జలవనరుల శాఖవి, జాతీయ రహదారి, దాని సర్వీసు రోడ్లు జాతీయ రహదారుల సంస్థవి, సిగ్నల్ సమయం ట్రాఫిక్ పోలీసుల మాట లేకుండా మారదు. విడివిడిగా నాలుగు అర్జీలు రాసి, నాలుగింటి నకళ్లనూ సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఒకేసారి ఇచ్చి రసీదు తీసుకోండి. అప్పుడు పరిధి కాదన్న జవాబుకు చోటుండదు. అందులో రెండు సంగతులు ఉదహరించండి. అడ్డంకులు లేని కాలిబాట రాజ్యాంగం 21వ అధికరణం కింద పాదచారుల హక్కు అని సుప్రీంకోర్టు 2025 మే నెలలో స్పష్టం చేసింది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 198ఎ సెక్షన్ ప్రకారం, నిర్దేశించిన భద్రతా ప్రమాణాలు పాటించకుండా రోడ్డు వేసినందువల్ల ఎవరైనా మరణించినా, వికలాంగులైనా, బాధ్యులైన అధికార సంస్థకు, గుత్తేదారుకు లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. నెల రోజులలో కదలిక లేకపోతే, మీ అర్జీ మీద ఏ చర్య తీసుకున్నారో చెప్పమని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. దానికి 30 రోజులలో జవాబు ఇవ్వక తప్పదు. కొలతల పట్టిక తయారయ్యాక ఇక్కడ పెడితే నేను సరిచూసి ఇస్తాను.