గుత్తి సాలీడు గుత్తిలో ఎందుకు లేదు? ఈ జీనస్ అసలు ఎక్కడెక్కడ ఉంటుంది?

అల్వాల్_సాలెగూడు:

నమస్తే అందరికీ. హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ జువాలజీ చేస్తున్నా, వచ్చే వారం సెమినార్ ఇవ్వాలి. క్లాస్‌లో అందరూ పులులు, రాబందులు పట్టుకుంటే నేను ఏరికోరి పొసిలోథెరియా అనే టారంటులా జీనస్ (దగ్గరి సంబంధం ఉన్న స్పీషీస్‌, అంటే జాతుల గుంపు) తీసుకున్నా, చెట్ల తొర్రల్లో ఉండే రంగురంగుల పెద్ద సాలీళ్ళు ఉంటాయి కదా అవి. చదివేకొద్దీ ఒక్కో చిక్కుముడి పడుతోంది, ఇక్కడ తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే జర హెల్ప్ చేయండి.

నీలం రంగుది ఒకటి ఉంది కదా, పొసిలోథెరియా మెటాలికా, ప్రపంచమంతా దాన్ని గుత్తి పేరుతోనే పిలుస్తారు, మన అనంతపురం జిల్లా గుత్తి. కానీ ఎక్కడ చదివినా అది గుత్తిలో ఉండదు, నంద్యాల అవతల అడవిలోనే ఉంటుంది అని రాశారు. మరి ఆ పేరు ఎట్లా వచ్చింది? మా మేడం మొదట అడిగేది ఇదే, రాసిస్తా. ఇంకోటి, మొత్తం స్పీషీస్ ఎన్ని అంటే ఒక్కోచోట ఒక్కో లెక్క చెప్తున్నారు. అదీకాక ఈ జీనస్ మొత్తం ఇండియా, శ్రీలంకల్లోనే ఉందంట, అటు మయన్మార్, థాయిలాండ్‌లో మాత్రం అడవులు లేవా ఏంటి?

లాస్ట్‌ది చిన్న డౌట్. మ్యాప్‌లో హైదరాబాద్ మీద రంగు వెయ్యాలా వద్దా? ఎందుకంటే మా ఇంట్లో బాత్రూం గోడ మీద అరచేయంత సాలీడు కనిపిస్తే అమ్మ ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టింది, మా కజిన్ అది ఇదే జీనస్ అని తేల్చేశాడు, అప్పట్నుంచి ఆ బాత్రూంలోకి ఎవరూ పోవట్లేదు 😅

గుంతకల్లు_జంక్షన్:

అమ్మా, గుత్తి పేరు చూసి ఆగినా. మాది ఆ పక్కే, రైల్వేలో చేసి రిటైరై ఇప్పుడు సికింద్రాబాద్‌లో పిల్లోళ్ళ దగ్గర ఉండాను. సాలీళ్ళ శాస్త్రం నాకు పెద్దగా రాదు గానీ నీ మొదటి ప్రశ్నకు జవాబు శాస్త్రంలో కంటే రైలు పట్టాల్లోనే ఉండాది.

1899లో పోకాక్ అనే దొర లండన్ మ్యూజియంలో కూచోని దీన్ని వర్ణించినాడు. ఆయన చేతికి వచ్చింది ఒకే ఒక ఆడది, అది దొరికింది గుత్తిలో రైల్వేవాళ్ళు పేర్చిన కట్టెల దొంతిలో. అడవిలో కాదు, చెట్టు మీద కాదు, నరికి తెచ్చిన కట్టెల్లో. మరి గుత్తి చుట్టూ ఏముందో చూసినోళ్ళకు తెలుసు, బండలు, కోట, ఎండ. ఇంత పెద్ద చెట్టు సాలీడు ఉండే అడవి ఆడ యాడిదప్పా?

ఇప్పుడు గుంటూరు నుంచి గుంతకల్లుకు వచ్చే లైను తీసుకో. గిద్దలూరు దాటినాక దిగువమెట్ట, బొగద సొరంగం, గాజులపల్లె, తర్వాత నంద్యాల. ఈ దిగువమెట్టకు గాజులపల్లెకు మధ్య రైలు నల్లమల కడుపులోంచే పోతాది, పాత మీటర్ గేజ్ కాలంలో దొరబావి వంతెన కూడా ఈ ముక్కలోనే ఉండేది, ఇప్పుడు దాన్ని పీకేసినారు. ఆ వంతెన మీద బండి మెల్లగా పోతా ఉంటే కిందికి చూడాలంటే గుండె జారేది, సర్లే అది వేరే కత. లైను చివర గుంతకల్లు, పక్కనే గుత్తి. కట్టెలు అడవి నుంచి బండెక్కినాయి, ఏదో ఒక మొద్దు తొర్రలో ఈయమ్మ కూడా టికెట్ లేకుండా కూచోని వచ్చేసింటాది. నాది ఊహే గానీ దీని మీద పనిచేసినోళ్ళు కూడా రైల్లోనే వచ్చింటాదని అంటారు.

తర్వాత నూరేండ్లు దాని జాడ లేదు. 2001లో నంద్యాలకు గిద్దలూరుకు మధ్య అడవిలో మళ్ళా దొరికింది. చూడు, అదే లైను.

చెట్టుతొర్ర:

పైన సార్ చెప్పిన రైలు సంగతి సెమినార్‌లో తప్పకుండా పెట్టండి మేడం, ఇంతకంటే మంచి ఓపెనింగ్ దొరకదు. దాన్నే క్లాస్ భాషలో చెప్పాలంటే, గుత్తి అనేది టైప్ లొకాలిటీ, అంటే పేరు పెట్టడానికి వాడిన నమూనా ఎక్కడ దొరికిందో ఆ చోటు, అంతే. ఆ జీవి ఇల్లు అక్కడే ఉండాలని రూలేమీ లేదు. మ్యూజియం లేబుల్ మీద రాసింది రాసినట్టే నిలిచిపోతుంది, మార్చడానికి లేదు.

ఇక క్లాసిఫికేషన్. ఫ్యామిలీ థెరాఫోసిడే, టారంటులాలన్నీ అందులోవే. జీనస్‌ని 1885లో యూజీన్ సిమోన్ అనే ఫ్రెంచ్ ఆయన ఏర్పాటు చేశాడు, కానీ దాని టైప్ స్పీషీస్ ఫాసియాటా అంతకుముందే 1804లో లాట్రెయ్ చేతిలో మైగేల్ అనే జీనస్ కింద పేరు పెట్టించుకుంది. అప్పట్లో పెద్ద వెంట్రుకల సాలీడు అయితే చాలు అన్నిటినీ ఆ మైగేల్‌లోనే కుక్కేవాళ్ళు. ఫాసియాటా శ్రీలంకది, కాబట్టి మనం ఎంత మనది మనది అనుకున్నా రూల్ ప్రకారం ఈ జీనస్‌కి ఆధారం లంక సాలీడే. సబ్‌ఫ్యామిలీ దగ్గర మాత్రం గొడవ ఉంది, కొందరు సెలెనోకాస్మినేలో పెడతారు, కొందరు దీనికోసం పొసిలోథెరినే అని విడిగా ఒకటి పెట్టారు. నాకైతే రెండోదే నచ్చుతుంది, చెట్ల మీద బతుకు, ఆ ఒంటి డిజైన్, మిగతా మన టారంటులాలతో ఏ కోశానా కలవదు. మీరు స్లైడ్ మీద రెండూ రాసి వదిలేయండి, అడిగితే చెప్పండి.

స్పీషీస్ లెక్క ఎందుకు కుదరట్లేదంటే దానికి కారణం ఉంది. పోకాక్ ఒక్కడే 1895లో స్ట్రయాటా, సబ్‌ఫస్కా, విట్టాటా, మళ్ళీ 1899లో మెటాలికా, రెగాలిస్, ఫార్మోసా, రూఫిలాటా, ఆర్నాటా, ఆ తర్వాతి ఏడాది మిరాండా, ఇట్లా వరసగా వర్ణించుకుంటూ పోయాడు. అంటే ఈరోజు మనం చెప్పే పేర్లలో సగానికి పైగా ఒకే మనిషివి, అవి కూడా ఇక్కడినుంచి ఎవరెవరో పంపిన నమూనాలు చూసి పెట్టినవి. ఈయనే తర్వాత లండన్ జూకి సూపరింటెండెంట్ అయ్యాడు, సాలీళ్ళు వదిలేసి పులులు, పిల్లుల మీద పడ్డాడు, అది మనకి నష్టమే. సరే, ఆయన తర్వాత వచ్చినవాళ్ళు కొత్త పేర్లు కలిపారు, వాటిలో కొన్ని మళ్ళీ కొట్టేశారు. పెడర్సెని అని 2001లో పెట్టిన పేరు ఇప్పుడు విట్టాటాలో కలిసిపోయింది. మన నల్లమల పేరు మీద 2006లో నల్లమలైయెన్సిస్ అని పెట్టారు, అది కూడా పాత స్పీషీస్‌లోనే కలిసిపోయింది, పేరు పోయినందుకు నాకు ఇప్పటికీ బాధే. అందుకే బ్లాగుల్లో లెక్క నమ్మకండి, స్విట్జర్లాండ్‌లో బెర్న్ మ్యూజియంవాళ్ళు నడిపే వరల్డ్ స్పైడర్ క్యాటలాగ్ తెరిచి, అందులో ఉన్న సంఖ్య రాసి, పక్కన మీరు చూసిన తేదీ వెయ్యండి. పదిహేను అటూ ఇటూగా ఉంటుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా, ఈ జీనస్‌లో పై నుంచి తీసిన ఫొటో చూసి స్పీషీస్ చెప్పేవాళ్ళని నమ్మొద్దు. పైన అన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి, బూడిద, నలుపు, తెలుపు కలిసి బెరడులో కలిసిపోయే డిజైన్, పొట్ట మీద నడిమధ్య ఆకు ఆకారంలో లేత పట్టీ. తేడా అంతా కింద ఉంటుంది. బెదిరిస్తే ముందుకాళ్ళు పైకెత్తుతుంది చూడండి, అప్పుడు కాళ్ళ అడుగున పసుపు, నలుపు పట్టీలు కనిపిస్తాయి, మొదటి జత, నాలుగో జత కాళ్ళ అడుగున ఆ పట్టీలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయి అనేదాన్ని బట్టే గుర్తుపట్టాలి. రెగాలిస్‌కి అయితే పొట్ట కింద అడ్డంగా మీగడ రంగు పట్టీ ఉంటుంది. మెటాలికా ఒక్కటే దీనికి మినహాయింపు, ఆ నీలం ఇంకదేనికీ లేదు.

కూకట్‌పల్లి_రాకీ:

బ్రో నీలంది సూపర్ ఉంది, ఫారిన్‌లో పిల్లలు అమ్ముతారంట, ఇక్కడ ఎవరైనా తెప్పిస్తారా? రేట్ ఎంత ఉంటది?

చెట్టుతొర్ర:

@కూకట్‌పల్లి_రాకీ వద్దు తమ్ముడూ. యూరప్, అమెరికాల్లో దశాబ్దాలుగా బ్రీడ్ చేస్తున్నారు నిజమే, అక్కడ గాజు డబ్బాల్లో బోలెడు ఉన్నాయి, ఇక్కడ సొంత అడవిలో మాత్రం ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ లెక్కలో క్రిటికల్లీ ఎండేంజర్డ్, అంటే అంతరించిపోయే అంచున ఉంది. అదంతా కలిపినా వంద చదరపు కిలోమీటర్లు లేని ముక్క, అందులో కట్టెల కోసం చెట్లు కొట్టడం ఆగలేదు. 2019లో జెనీవా మీటింగ్‌లో ఈ జీనస్ మొత్తాన్ని సైటిస్ (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే ఒప్పందం) రెండో జాబితాలో పెట్టారు, 2022లో మన వన్యప్రాణి చట్టాన్ని సవరించి సైటిస్ జాబితాలని చట్టంలోకే తెచ్చారు. ఎవడైనా ఆన్‌లైన్‌లో అమ్ముతా అంటే వాడితోపాటు నువ్వు కూడా ఇరుక్కుంటావు. పైగా ఇది కుడితే చావు రాదు గానీ కండరాలు పట్టేస్తాయి, ఆ నొప్పులు రోజుల తరబడి పీడిస్తాయి. అమెరికా టారంటులాల్లా వెంట్రుకలు విసిరే అలవాటు లేదు దీనికి, నేరుగా కొరకడమే, మెరుపులా కదులుతుంది కూడా.

నీలం అన్నావు కాబట్టి, అది రంగు పదార్థం కాదు. వెంట్రుకల లోపలి సన్నటి పొరల మీద వెలుతురు పడి వచ్చే నీలం. టారంటులాల్లో ఇట్లాంటి నీలం కనీసం ఎనిమిదిసార్లు వేర్వేరుగా పుట్టిందని, అన్నీ 450 నానోమీటర్ల దగ్గరే ఉన్నాయని 2015లో ఒక పేపర్ వచ్చింది. వీటికి కళ్ళు అంతంత మాత్రం, మరి ఈ అందం ఎవరికి చూపించడానికో!

అల్వాల్_సాలెగూడు:

థాంక్యూ అన్నా, థాంక్యూ సార్, రైలు సంగతి నా ఫస్ట్ స్లైడ్ అయిపోయింది. ఇంకా మ్యాప్ మిగిలింది. లంక వరకు ఎట్లా పోయింది, అవతల మయన్మార్‌కి ఎందుకు పోలేదు అనేది కూడా చెప్తే మీ పేరు చెప్పుకుని బతుకుతా.

నల్లమల_బాటసారి:

లంక సంగతి నేను చెప్తా. మంచుయుగాల్లో సముద్రం దిగినప్పుడు రామేశ్వరం, లంకలోని మన్నారు మధ్య నేల తేలింది, జీవులు నడిచి పోయాయి. దీనికి ఈ జీనస్‌లోనే మంచి సాక్ష్యం ఉంది, హనుమవిలాసుమికా అని, రామేశ్వరంలో హనుమవిలాసం గుడి పేరు మీద 2004లో పెట్టిన పేరు. చింతచెట్లు, తాటిచెట్లు, కొబ్బరితోటలు, అట్లాంటి చోట్ల ఉంటుంది. తర్వాత అదే సాలీడు అవతల మన్నారులో కూడా దొరికింది. నీళ్ళకి ఇటు ఒకటి అటు ఒకటి. విట్టాటా కూడా రెండు వైపులా ఉంది.

లంకలో సొంతంగా ఉన్నవి ఆర్నాటా, స్మితి, సబ్‌ఫస్కా, ఫాసియాటా లాంటివి. రాజాయి అని 2012లో వచ్చింది, అది ఉత్తరాన, యుద్ధం అయిపోయాక గానీ సర్వే చెయ్యడానికి కుదరని ప్రాంతం. దొరికిన చోట్లలో ఒకటి మాంకుళం ఆసుపత్రిలో పాత డాక్టర్ల క్వార్టర్స్, పేరు పెట్టింది సర్వేలో వెంట వచ్చిన పోలీసు అధికారిది. అడవి పోతే చెట్టు సాలీడు పాడుబడ్డ ఇంట్లోకి చేరుతుంది, పెద్ద చెట్టు తొర్రకీ పాత గోడ పగులుకీ దానికి పెద్ద తేడా లేదు.

మనవైపు చూస్తే స్ట్రయాటా, రూఫిలాటా పశ్చిమ కనుమల్లో దక్షిణం వైపు, మెటాలికా మన తూర్పు కనుమల్లో, తిగ్రినవెస్సెలి కూడా తూర్పు కనుమలదే. రెగాలిస్ ఒక్కటే కాస్త విశాలంగా, రెండు కనుమల్లోనూ ఉంది. ఈశాన్యంగా చివరిది మిరాండా, ఛోటానాగ్‌పూర్, బెంగాల్ వైపు. అక్కడితో ఆగింది.

ఎందుకు ఆగింది అంటే, ఇది నా అభిప్రాయం, ఆడది ఒక తొర్రలో చేరిందంటే పదేళ్ళయినా ఆ చుట్టుపక్కలే ఉంటుంది, తిరిగేది మగదే. చిన్న సాలీళ్ళ పిల్లలు దారం వదిలి గాలికి ఎగిరిపోతాయి కదా, టారంటులా పిల్లలకి అట్లాంటి దూరప్రయాణాలు లేవు, తల్లి తొర్ర నుంచి నడిచి పోవాల్సిందే. ముసలి చెట్లు వరసగా ఉన్నంత దూరమే జీనస్ పాకగలదు. మిరాండా దాటాక గంగా మైదానం, డెల్టా. బొరియలు చేసుకునే చిలోబ్రాకిస్ జీనస్ చూడండి, అది ఇండియా నుంచి వియత్నాం దాకా ఉంది, దానికి మట్టి ఉంటే చాలు. మీ మేడం ఎదురు ప్రశ్న వేస్తే ఈ రెండు మ్యాపులు పక్కపక్కన పెట్టి చూపించండి.

చెట్టుతొర్ర:

బాటసారి చిలోబ్రాకిస్ పోలిక బాగా తెచ్చాడు. నేను ఒకటి కలుపుతా, మెటాలికా మ్యాప్ అంత చిన్నగా ఉండటానికి కారణం సాలీడు ఒక్కటే కాదు, వెతికినవాళ్ళు ఏ దారిన పోయారు అనేది కూడా. నల్లమల లోపల రాత్రిపూట టార్చ్ వేసుకుని చెట్టు చెట్టూ చూసేవాళ్ళు ఎంతమంది? అందుకే మ్యాప్‌లో చుక్కలు పెట్టండి, మొత్తం ఏరియాకి రంగు పులమకండి.

ఇక మీ బాత్రూం విషయం. వాట్సాప్ కజిన్‌కి చెప్పండి, ఊళ్ళో ఇళ్ళ గోడల మీద అరచేయంత, చదునుగా, ఎండ్రకాయలా పక్కకి పరిగెత్తేది దాదాపు ఎప్పుడూ హెటెరోపోడా వెనటోరియా, హంట్స్‌మన్ అంటారు. ఫ్యామిలీ స్పారాసిడే, టారంటులాకి దూరపు చుట్టం కూడా కాదు. మనుషుల సరుకుతోపాటు ఓడలెక్కి ఉష్ణమండలం మొత్తం పాకింది, సరిగ్గా మీ పొసిలోథెరియాకి రివర్స్. సన్నటి కాళ్ళు, ముఖం మీద లేత అడ్డగీత ఉందేమో ఫొటోలో చూడండి. పొట్ట కింద గుండ్రటి తెల్లటి బిళ్ళలాంటిది మోస్తుంటే అది గుడ్ల సంచి, ఆడది.

అల్వాల్_సాలెగూడు:

గీత ఉంది, బిళ్ళ కూడా ఉంది 😭 అమ్మకి ఫోన్ చేసి చెప్పా, బొద్దింకలు తింటుందంటే ఉండనీ అంది, గుడ్లు అంటే మాత్రం నాన్నని చీపురు తెమ్మంది.

గుంతకల్లు_జంక్షన్:

చీపురు వద్దని చెప్పమ్మా. డబ్బా బోర్లించి, కింద అట్టముక్క తోసి బయట చెట్టు దగ్గర వదిలితే సరిపోతాది. మ్యాప్‌లో హైదరాబాద్ ఖాళీగానే పెట్టు, గుత్తి దగ్గర మాత్రం చుక్క కాకుండా సున్నా చుట్టి పక్కన 1899 అని రాయి, చుక్క నంద్యాల, గిద్దలూరు మధ్యన పెట్టు. వీలైతే పట్టాల గీత కూడా గియ్.